నాలుగు చక్రాలూ తిరగాలంటే

తాళంచెవి కొక్కేనికి లేదు.

డాక్టరమ్మ తలుపు వెనక చూసింది. ఫ్రిజ్ మీద చూసింది. మందుల పెట్టె తెరిచి సూదుల డబ్బా కింద కూడా చూసింది. అక్కడ ఉండదని తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. అడగక తప్పని మాటని కాసేపు వాయిదా వేయడానికి వెతుకులాట పనికొస్తుంది.

వంటింటి బల్ల దగ్గర అత్తగారు బఠాణీలు వలుస్తోంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. కళ్ళజోడు పెట్టె మాత్రం మోచేతి కింద భద్రంగా ఉంది. ఖాళీ పెట్టెకి ఎవరూ అంత కాపలా కాయరు.

"అత్తయ్యా, తాళం."

"ఏ తాళం?"

"బండి తాళం. కొండమీంచి ఫోనొచ్చింది. ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. దూడది ఒక కాలే కనబడుతోందట."

"మిగతా మూడూ ఎక్కడికి పోతాయమ్మాయ్, వెనకాలే వస్తాయిలే," అంది ఆవిడ, గింజలు గిన్నెలోకి రాలుస్తూ.

ఆ ఇంట్లో వారం రోజులుగా ఇదే వరస. వాకిట్లో ఆకుపచ్చ జీపు వచ్చి నిలబడిన రోజునుంచీ ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడటం లేదు. పాతబండి. గేటుకంటే ఎత్తు. వెనక వీపుకి ఒక చక్రం కట్టుకుని, ఏ క్షణాన్నయినా కొండెక్కడానికి సిద్ధమన్నట్టు ఉంటుంది. వీధిలో వాళ్ళంతా ఒకసారి చుట్టూ తిరిగి చూసి, టైరు తన్ని, బాగుందని వెళ్ళారు. బాగాలేదన్నది ఇంట్లో వాళ్ళే.

డాక్టరమ్మ పశువుల డాక్టరు. కొండమీది పాడిరైతుల సంఘం తన బండిని ఎత్తేసి, సొంత బండి ఉన్నవాళ్ళే పైకి తిరగండి, లేనివాళ్ళు కింద ఆఫీసులో కూర్చుని టీకాల లెక్కలు చూసుకోండని తేల్చేసింది. వాళ్ళాయన ఆడిటరు. ఆయనకి నగరంలో పెద్దాఫీసుకి ప్రమోషన్ వచ్చింది. సోమవారం చేరాలి. భార్య రాజీనామా ఇస్తుందని, ముగ్గురూ కలిసి వెళతారని ఆయన అనుకున్నాడు. అనుకున్నాడు గానీ అడగలేదు. ఆవిడా రానని అనలేదు. పోయి జీపు కొనుక్కొచ్చింది.

అంతకంటే స్పష్టంగా రానని చెప్పడం ఇంకెలాగో ఎవరికీ తెలియదు.

ముందుగదిలో ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సెలవు పెట్టి మరీ ఇస్త్రీ. ఇద్దరి మధ్యా మాటలన్నీ ఈ వారమంతా వంటింటి మీదుగానే నడిచాయి. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. "ఒకప్పుడు ఊరందరికీ లైన్లు కలిపాను. జీతమిచ్చేవాళ్ళు. ఇప్పుడు మీ ఇద్దరికీ కలపాలా, ఉత్తపుణ్యానికి," అని నిన్ననే విసుక్కుంది.

బయట గచ్చు మీద నీళ్ళు పడుతున్న చప్పుడు. టపా అక్క వచ్చింది. బండి అసలు యజమానురాలు ఆవిడే. ఏళ్ళ తరబడి కొండమీదికి టపా సంచులు మోసే కాంట్రాక్టు ఆవిడదే. ఈ జీపులోనే మోసింది. మోకాళ్ళు మొరాయించాక అమ్మకానికి పెట్టింది. డబ్బు సంగతి మొదటిరోజే తేలిపోయింది. కానీ ఆవిడ షరతు ఒకటుంది. వారం రోజులు బండి కొనేవాళ్ళ వాకిట్లో ఉండాలి. వారం తిరిగాక ఆవిడ వచ్చి ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగుతుంది. అందరూ ఒప్పుకుంటేనే కాగితాల మీద సంతకాలు. ఒక్కరు కాదన్నా బండి వెనక్కి. ఇంట్లో ఇష్టం లేకుండా వచ్చిన బండికి ఎవడూ ఆయిలు మార్చడని ఆవిడ సిద్ధాంతం.

ఇవాళే ఆఖరిరోజు. సాయంత్రం సంతకాలు.

ఈలోగా ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి బండి కడుగుతోంది. కడిగి, డ్రైవరు సీట్లో కాసేపు కూర్చుని, అత్తగారిచ్చిన కాఫీ తాగి వెళుతోంది. మూడోరోజున అత్తగారు కోడలిని పక్కకి పిలిచి, "బండి ఒక్కటే కొన్నావా, బండితో పాటు ఆ మనిషిని కూడానా?" అని అడిగింది.

"అత్తయ్యా, ఆవు చచ్చిపోతుంది."

ఆ మాటకి అత్తగారి చేతులు ఆగాయి. కళ్ళజోడు పెట్టె తెరిచి తాళంచెవి తీసింది. ఇవ్వలేదు. పట్టుకుంది.

"వాణ్ణి కూడా తీసుకుపో."

"ఎందుకూ?"

"సాయంత్రం ఆవిడొచ్చి వాణ్ణి అడుగుతుంది. వాడు కాదంటాడు. కాదనేవాడు ఏం కాదంటున్నాడో ఒకసారి ఎక్కి చూడాలా వద్దా?" ఆవిడ ముందుగది వైపు గొంతు పెంచింది. "ఒరేయ్, ఆ పెట్టె తీగ పీకేసి బయల్దేరు. నీ పెళ్ళాం కొండమీదికి వెళుతోంది. ఆకాశం చూస్తే బాగాలేదు."

ఇస్త్రీపెట్టె పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన కాదంటాడని డాక్టరమ్మ ఎదురుచూసింది. ఆయన అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఆఫీసు బూట్లు వేసుకుని వచ్చి, మాట్లాడకుండా ఎడమవైపు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు.

టపా అక్క తడిగుడ్డ పిండుతూ కిటికీ దగ్గరికొచ్చింది. వాగులో నీళ్ళు పెరిగి ఉంటాయని, దిగేముందు గుబ్బలు మరిచిపోవద్దని చెప్పింది. డాక్టరమ్మ తలూపింది. ఆ పాఠం వారంలో చాలాసార్లు విన్నదే. ఈ బండికి గేరు కర్రలు రెండు. పెద్దగేరు మామూలే. పక్కనున్న చిన్నగేరు వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. కానీ చిన్నగేరు ఒక్కటే చాలదు. బండి దిగి, ముందు చక్రాల నడుమ ఉన్న గుబ్బల్ని చేత్తో తిప్పి బిగించాలి. కుడిచక్రానికొకటి, ఎడమచక్రానికొకటి. రెండింటిలో ఒకటి వదిలేసినా ఇంజను బలమంతా ఆ పక్కనుంచి ఊరికే తిరిగిపోతుంది. ముందు చక్రాలు ఉన్నా లేనట్టే.

కొండదారి మొదలయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. మొదలయ్యాక కూడా మాట్లాడుకోలేదు.

ఆయన తలుపు పైనున్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా తల పైకప్పుకి తగులుతోంది. మామూలుగా అయితే ఆవిడ నవ్వేది. మామూలుగా అయితే ఆయనా నవ్వేవాడు.

కోపం ఒక్కటే అయితే ఆవిడకి ఇంత కష్టంగా ఉండేది కాదు. ఆయన వైపు న్యాయం ఉంది. ఇదివరకు రెండు ప్రమోషన్లు వదులుకున్నాడు. ఒకటి ఆవిడ చదువు పూర్తికాలేదని. ఒకటి ఆవిడకి అప్పుడే కొండమీద పని దొరికిందని. వదులుకున్నానని ఏనాడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచే మనిషైతే జగడమాడి గెలవొచ్చు. ఎత్తిపొడవని మనిషికి ఏం జవాబు చెబుతాం?

అయినా ఆవిడకి ఈ కొండ కావాలి. నగరంలో ఏముంది? గాజుతలుపుల వెనక కూర్చుని బొచ్చుకుక్కలకి గోళ్ళు కత్తిరించడం. ఈ సాయంత్రం సంతకం పడితే బండి తనది. బండి తనదైతే కొండ తనది.

మరి మనిషి?

ఆ లెక్క మాత్రం ఎంత చేసినా తేలడం లేదు.

వాగు కనిపించింది. టపా అక్క చెప్పినట్టే నీళ్ళు ఎర్రగా, ఒరుసుకుంటూ పారుతున్నాయి. ఆవిడ ఒడ్డున బండి ఆపి దిగింది. వంగి తన పక్క గుబ్బని తిప్పి, టక్కుమని ఆగేదాకా బిగించింది. అవతలిపక్క తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆయన కూడా దిగాడు. కాసేపయ్యాక తలుపు మూసిన చప్పుడు. ఆయన ఎక్కాడు.

బిగించారా అని అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి.

చిన్నగేరు వేసి బండిని నీళ్ళలోకి దింపింది. సగందాకా బాగానే వెళ్ళింది. తరవాత వెనకచక్రాలు రాళ్ళ మధ్య ఇసుకలో కూరుకుని గిరగిరా తిరిగాయి. బండి అంగుళం కదల్లేదు. ఇంకొంచెం తొక్కింది. వెనకభాగం కిందికి దిగింది. అడుగునుంచి నీళ్ళు లోపలికొచ్చి ఆయన ఆఫీసు బూట్లని తడిపాయి.

"మీ పక్క తిప్పారా?"

వారంలో ఆయనతో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట అది.

"ఏది?"

"గుబ్బ."

"ఏ గుబ్బ?"

"దిగారు కదా మీరు."

"ఫోనొచ్చింది. లోపల వినబడక దిగాను."

ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకి చూసింది. "నేను చక్రం కోసం దిగారనుకున్నాను."

"చెప్పొచ్చుగా, దిగి తిప్పమని."

"దిగారుగా. ఇంకేం చెప్పను? తలుపు చప్పుడు దేనికి దిగినా ఒకలాగే ఉంటుంది."

ఆయన బయటికి చూశాడు. మోకాలి పైదాకా నీళ్ళు. ఇస్త్రీ ప్యాంటు. ఒక నిట్టూర్పు విడిచి, తలుపు తీసుకుని దిగాడు.

"ఎటు తిప్పాలి?"

"కుడికి. ఆగేదాకా."

నీళ్ళలోకి వంగి, భుజందాకా చెయ్యి ముంచి, చక్రాన్ని తడిమాడు. ఆవిడ చిన్నగేరు తీసేసి కూర్చుంది. ఆయన ముఖం మాత్రమే నీళ్ళ మీద కనబడుతోంది. చెంప పక్కగా ఆకులూ పుల్లలూ కొట్టుకుపోతున్నాయి.

"తిరిగింది."

"టక్కుమందా?"

"నీళ్ళలో టక్కులూ టిక్కులూ వినబడవు. ఇంక తిరగడం లేదు, అంతే."

ఆవిడ గేరు వేసి మెల్లగా వదిలింది. ఈసారి ముందుచక్రాలు రాయిని పట్టుకున్నాయి. బండి ఒకసారి మూలిగి, ఊగి, ముందుకి పాకింది. నడుమలో ఆపితే మళ్ళీ కూరుకుపోతుందని ఆవిడకి తెలుసు. ఆపలేదు. అవతలి ఒడ్డెక్కి, గట్టినేల మీద నిలిపి, అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

ఆయన ఇంకా వాగు మధ్యలోనే ఉన్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని, ఒక్కో రాయీ కాలితో వెతుక్కుంటూ వస్తున్నాడు.

వచ్చి కూర్చున్నాక, "ఎక్కించుకోవడానికి ఆగుతావనుకున్నాను," అన్నాడు.

"ఆగితే ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం."

ఆయన చొక్కా చేతులు పిండుకున్నాడు. తరవాత నవ్వాడు. చిన్నగా నవ్వాడు గానీ నవ్వే. ఆవిడ రోడ్డు మీదే చూపు పెట్టి నడిపింది.

పాక ముందు రైతు ఎదురొచ్చాడు. తడిసి ముద్దయిన ఆడిటరుని ఎగాదిగా చూసి, కొత్త కాంపౌండరు వచ్చాడా అని అడిగాడు.

"ఇవాళ్టికి మాత్రమే," అన్నాడు ఆయన.

ఆవు పక్కకి వాలి, కళ్ళు తేలేసి ఉంది. దూడ ఒక ముందుకాలు బయటికొచ్చింది. రెండోది లోపల వెనక్కి మడతపడి ఉంది. ఆ మడత విప్పకుండా ఎంత లాగినా రాదు, లాగితే ఆవు దక్కదు. ఆవిడ మోచేతులు కడుక్కుని మోకాళ్ళ మీద కూర్చుంది. నొప్పి సడలినప్పుడు దూడని లోపలికి నెట్టాలి. నెట్టి, ఆ సందులో మడతకాలి గిట్టని అరచేత్తో మూసి పట్టుకుని, మెల్లగా ముందుకి తేవాలి. చెప్పడానికి రెండు ముక్కలే. చేస్తుంటే చెయ్యి ఎముకదాకా తిమ్మిరెక్కింది.

గిట్ట దొరికింది. జారిపోయింది. మళ్ళీ దొరికింది.

"తాడు," అంది.

అందించింది ఆయనే. రెండు కాళ్ళకీ తాడు వేసి కొస ఆయన చేతికిచ్చింది. ఆవు ముక్కినప్పుడే లాగమంది. ముక్కనప్పుడు ఊరికే బిగువుగా పట్టుకోమంది. తొందరపడొద్దంది. ఆయన ఆవిడ ముఖంలోకే చూస్తూ లాగాడు. ఆపమంటే ఆపాడు. పట్టుకోమంటే పట్టుకున్నాడు. ఆఫీసులో పదిమంది చేత కాగితాలు తిరగరాయించే మనిషి, పేడలో కాలు జారకుండా మడమలు తన్నిపెట్టి, చెప్పినంతవరకే చేశాడు.

దూడ ఒక్కసారిగా జారి గడ్డిమీద పడింది. ఆవిడ దాని ముక్కు తుడిచి, గడ్డిపోచతో పొడిచి, పక్కటెముకలు రుద్దింది. కాసేపు ఏమీ లేదు. తరవాత దూడ తుమ్మింది.

"పెయ్యదూడ," అన్నాడు రైతు, అంత కష్టానికీ ఆ ఒక్కమాటే జవాబన్నట్టు.

ఆడిటరు గోడకి చేరగిలబడి ఆవు దూడని నాకడం చూస్తూ కూర్చున్నాడు. చేతులకి తాడు కోసుకుపోయింది. ఆవిడ మందు రాస్తుంటే, "నువ్వు రోజూ చేసేది ఇదా?" అని అడిగాడు.

"రోజూ కాదు. కొన్నిరోజులు ఉత్త సూదులే."

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఒక్కసారీ రాలేదు నేను."

ఆవిడ రెండో అరచేతికి కూడా మందు రాసింది.

తిరుగుదారిలో వాన మొదలైంది. వాగు దగ్గర బండి ఆపగానే ఆయన చెప్పకుండానే దిగాడు. ఆయన ఆ పక్క, ఆవిడ ఈ పక్క వంగారు. ఇద్దరూ గుబ్బలు చూసుకుని ఒకేసారి ఎక్కారు. తలుపులు రెండూ ఒకేసారి మూసుకున్నాయి. బండి నీళ్ళని చీల్చుకుంటూ అవతలికి పోయింది.

అక్కణ్ణుంచి ఆయన చాలా మాట్లాడాడు. ఆ చిన్నగేరు దేనికని, నూనె ఎంత తాగుతుందని, వెనక ఆ ఇనుపగొలుసు ఎందుకని అడిగాడు. కొండదిగే చోట పావుమైలు తానే నడిపాడు. బ్రేకు తొక్కితే బండి ఎడమకి గుంజుతోందని కనిపెట్టాడు. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. వాగు ఒడ్డున వచ్చిన ఫోను ఎవరిదని మాత్రం అడగలేదు. పెద్దాఫీసు నుంచే అయి ఉంటుంది. ఇన్నాళ్ళకి తెరుచుకున్న నోరు, అడిగితే మళ్ళీ మూసుకుంటుందేమోనని భయం.

వెళ్ళడేమో. ఆ ఆలోచన వచ్చింది. తరిమేసింది. ఇంటి మలుపు తిరిగేలోపు మళ్ళీ వచ్చింది. ఈసారి తరమలేదు.

వాకిట్లో టపా అక్క, అత్తగారు పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నారు. మెట్టు మీద కాగితాల సంచి. కొడుకు అవతారం చూసి అత్తగారు, ఆవు ఈనిందా లేక నువ్వు ఈనావా అని అడిగింది. టపా అక్క ముందు బండి కిందికి వంగి చూసింది. బురద ఎక్కడిదాకా తగిలిందో చూసుకుని, తృప్తిగా తలాడించి, అప్పుడు మనుషుల వైపు తిరిగింది.

"నా మాట మీకు తెలుసు. వదినా, నువ్వు చెప్పు. ఈ బండి ఈ ఇంట్లో ఉండొచ్చా?"

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "అంత ఎత్తు బండి నేనెక్కలేను. ఒక పీట చేయిస్తే ఆలోచిస్తాను."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"పీట అడిగానంటే ఎక్కుతాననేగా."

టపా అక్క ఆడిటరు వైపు తిరిగింది. "బాబూ, నువ్వు?"

ఆయన బండి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ మోచేతుల మీద ఆరిపోయిన రక్తం మరకలు ఇంకా ఉన్నాయి. వారమంతా ఈ ఒక్క జవాబుకే భయపడింది.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

టపా అక్క సంచిలోంచి కాగితాలు తీసి బండి ముందుభాగం మీద పరిచింది. అమ్మేవాళ్ళ చోట తాను సంతకం పెట్టింది. పెట్టాక కలం వెంటనే వదల్లేదు. కాసేపు పట్టుకుని, తరవాత అందించింది. కొనేవాళ్ళ చోట డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఇంజను వేడి ఇంకా తగ్గలేదు. కాగితం కింద రేకు వెచ్చగా తగిలింది.

బండి తనదైంది. గెలిచానన్న సంతోషంతో కాదు, గండం గడిచిందన్న నెమ్మదితో ఆవిడ తలెత్తింది.

"ఆదివారం నన్ను స్టేషన్లో దింపుతావా?" అన్నాడు ఆయన.

అడిగిన తీరు మామూలుగానే ఉంది. పాలు తెస్తావా అన్నంత మామూలుగా.

ఒప్పుకుంటున్నానంటూ ఆయన దేనికి ఒప్పుకున్నాడో ఆవిడకి అప్పుడర్థమైంది.

"వాగు దగ్గర ఫోను..."

"వాళ్ళే. వస్తున్నావా లేదా, ఇప్పుడే చెప్పమన్నారు."

"ఏం చెప్పారు?"

"వస్తున్నానని."

అంటే బండి నీళ్ళలోకి దిగకముందే. గుబ్బ తిప్పినప్పుడు, తాడు లాగినప్పుడు, గోడకి చేరగిలబడి ఒక్కసారీ రాలేదన్నప్పుడు, ఆ మాట ఇచ్చేసే ఉన్నాడు. దారి పొడుగునా గేర్ల గురించి అడిగాడే, అప్పుడూ ఇచ్చేసే ఉన్నాడు.

"అది తెలిస్తే సంతకం పెట్టవని చెప్పలేదు," అన్నాడు ఆయన. "నువ్వు పెట్టాలనే అనిపించింది. ఆవుని చూశాక."

టపా అక్క కాగితాలు సంచిలో సర్దుకుంటూ ఉండిపోయింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

"దింపుతాను," అంది డాక్టరమ్మ. తన గొంతు తనకే వేరేగా వినిపించింది.

అత్తగారు మెట్టు మీంచి లేచింది.

"ఒరేయ్, టికెట్టు తీశావా?"

"నిన్ననే తీశానమ్మా."

"ఒకటేనా?"

ఆయన తడిసిన చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. తల్లివైపు చూడలేదు. భార్యవైపూ చూడలేదు.

"రెండు," అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

అత్తా కోడలూ వాకిట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోది ఎవరి పేరుమీద అని అడగడానికి వెనకాల వెళ్ళొచ్చు. ఇద్దరిలో ఎవరూ అడుగు కదపలేదు.